ట్రౌట్ చేప కాదు

గాల్ట్, ఒంటారియో
1993 మే 3

ఒరేయ్ సెల్బీ,

నీ ఉత్తరం అందింది. దాన్ని ఉత్తరం అనడానికి నాకు నోరు రావడం లేదు. "అందరం బాగున్నాం, రేవులో ఇంకా మంచు తెట్టెలున్నాయి, ఉంటాను" అని రాయడానికి కవరెందుకు, స్టాంపెందుకు? ఫోన్ చేస్తే నీ ఊపిరి తప్ప ఏమీ వినపడదు కాబట్టి ఉత్తరాలతో సరిపెట్టుకుంటున్నాను. ఈసారి కాస్త ఒళ్ళు వంచి రాయి.

అసలు సంగతికొస్తాను. మా పరుపుల ఫ్యాక్టరీలో ఫోర్‌మన్ వెంటపడి, బతిమాలి, వాళ్ళావిడకి జామ్ సీసాలు మోసి, నీకోసం ఒక చోటు ఆపించాను. స్ప్రింగులు బిగించే పని. ఆగస్టు ఆఖరుదాకా చూస్తానన్నాడు. ఆ తర్వాత ఇంకెవర్నో పెట్టుకుంటాడు.

సముద్రంలో కాడ్ వేట నిషేధించి ఏడాది కావస్తోంది. రెండేళ్ళలో చేప తిరిగొస్తుందని ప్రభుత్వంవాళ్ళు అన్నారని నువ్వు కిటికీ దగ్గర కూర్చున్నావట. ఆ మాట చేపకి కూడా ఎవరైనా చెప్పారట్రా? పడవేమో ఒడ్డున బోర్లా పడుంది, నువ్వేమో ఇంట్లో బోర్లా పడున్నావు. ఇద్దరు పిల్లల తండ్రివి. బ్లాంచ్‌నీ, ఎఫీనీ, జేబెజ్‌నీ వెంటేసుకుని వచ్చెయ్. వస్తావో రావో ఒక్క ముక్క తేల్చి రాయి.

మీ అక్క
డల్సీ


బేకాపిల్ కోవ్, న్యూఫౌండ్‌లాండ్
మే 30

డల్సీ అక్కా,

ఒళ్ళు వంచాను. చదువుకో.

నీ మరదలు బ్లాంచ్ ఇప్పుడు బడికి వెళ్తోంది. చేపల ప్లాంటు మూసేశాక అక్కడి ఆడవాళ్ళకి ఆగిపోయిన చదువులు చెప్పిస్తున్నారు. వంటింటి బల్లనిండా లెక్కల పుస్తకాలే. పోయిన శనివారం "ఎక్స్ విలువెంత, ఎక్స్ విలువెంత" అని తల పట్టుకుని కూర్చుంటే, "ఏ కొట్లో?" అని అడిగాను. అంతే. "పిల్లల్ని తీసుకుని చెరువుకి పో. పొయ్యి వెలిగించేదాకా ఇంటి ఛాయలకి రాకు" అంది.

చెరువుకి! నన్ను! మీసం రాకముందు నుంచీ సముద్రం మీద బతికినవాణ్ణి. చెరువులో ట్రౌట్ పట్టడం పిల్లల పని, మరీ అయితే పాదిరిగారి పని. ఎవరైనా చూస్తే నా పరువేం కావాలి? గాలపు కర్రని పాంటు కాల్లోకి దించి, కాలు వంచకుండా కుంటుకుంటూ బయల్దేరాను. దారిలో పోస్టాఫీసావిడ "మోకాలు నొప్పా సెల్బీ?" అంది. "అవునమ్మా" అన్నాను. "కాదు, గాలం" అన్నాడు జేబెజ్. అయిదేళ్ళవాడికి ఇంత నిజాయితీ ఎక్కణ్ణుంచి వచ్చిందో, మా వైపు నుంచి మాత్రం కాదు.

కొండ వెనక్కి దిగేసరికి పొదలో ఎస్రా బాబాయి. చేతిలో రంపం, పక్కన మనవడు.

"కట్టెలకొచ్చాను" అన్నాడు నేను అడక్కుండానే. వాళ్ళ మనవడి చేతిలో వానపాముల డబ్బా ఉంది.

ఇంకో పొదలో గార్లండ్, కూతుళ్ళతో. "మేక తప్పిపోయింది, వెతుకుతున్నాం" అన్నాడు.

"నీకు మేక లేదు కదరా?"

"అందుకే ఇంకా దొరకలేదు."

అలా చెరువు చుట్టూ పొదకొక మొనగాడు. ఊళ్ళో పడవలున్న మగాళ్ళందరూ ఒకరికొకరు కనపడకుండా కూర్చున్నారు. నా గాలం చూసి ఎఫీ, "నాన్నా, ఇంత లావు కొక్కేనికి ట్రౌట్ పడదు, అదే వచ్చి ఉరేసుకోవాలి" అంది. పదకొండేళ్ళ పిల్ల నాకు గాలం కట్టడం నేర్పింది. సాయంత్రానికి డబ్బా నిండింది. క్షేమంగా ఇల్లు చేరాం.

ఉద్యోగం సంగతి ఆలోచిస్తున్నాను.

నీ తమ్ముడు
సెల్బీ

అత్తా, నేను ఎఫీని. పోస్టులో వెయ్యమంటే చదివాను. నాన్న ఒకటి రాయలేదు. నాన్న చెరువులో పడ్డాడు. ఈత రాదుగా. "ఎఫీ, అమ్మని బాగా చూసుకో" అని అరిచాడు. నేను "నాన్నా, లేచి నిలబడు" అన్నాను. నిలబడ్డాడు. నీళ్ళు నడుందాకా ఉన్నాయి.


గాల్ట్
జూన్ 13

ఒరేయ్ సెల్బీ,

"నాన్నా, లేచి నిలబడు" అన్నచోట మీ లాయిడ్ బావ సోఫాలోంచి జారాడు. నడుం పట్టేసింది. ఇంకా నూనె రాస్తున్నాను. అట్లాంటిక్‌లో అన్నేళ్ళు బతికి బట్టకట్టి చెరువులో పోయావని రాయాల్సొస్తే నేను తలెక్కడ పెట్టుకోవాలి?

ఇక్కడా ఒక చెరువుంది, పార్కులో. ఆదివారం చర్చి నుంచి వస్తూ కాసేపు కూర్చుంటాను. దారిలోనే. తండ్రులు పిల్లల్ని తెస్తారు, గాలాలేస్తారు, ఏదో చిన్న జీవి పడుతుంది. ఫోటో తీస్తారు. కొందరు ముద్దు కూడా పెడతారు. తర్వాత మళ్ళీ నీళ్ళలో వదిలేస్తారు! మొదటిసారి చూసినప్పుడు జారిపోయిందేమోనని "అయ్యయ్యో" అని కేకేశాను. పార్కంతా నావైపే చూసింది. తినేది లేనప్పుడు దాన్నెందుకురా పిలిచి ఏడిపించడం?

నువ్వొస్తే పిల్లల్ని అక్కడికి తీసుకెళ్దువుగాని. లోతు తక్కువే, నిలబడొచ్చు.

ఆలోచిస్తున్నానని రాశావు. నువ్వు ఆలోచిస్తే చర్చి గోడకి రంగెయ్యడానికి రెండు వేసవులు పట్టింది. ఫోర్‌మన్ అన్నాళ్ళు ఆగడు.

డల్సీ


బేకాపిల్ కోవ్
జూలై 6

అక్కా,

కంగారుపడకుండా చదువు. నామీద కేసు పెట్టారు.

ఇప్పుడు శనివారమొస్తే అందరం చెరువు దగ్గరే. పొదల్లో దాక్కోవడం మానేశాం, ఒకళ్ళ సిగ్గు ఒకళ్ళం చూసేసుకున్నాక ఇంకేముంది? ఎస్రా బాబాయి రంపం ఇంట్లో పడేసి కెటిల్ తెస్తున్నాడు. పిల్లలు గాలాలేస్తారు, మేం టీ కాచి, మొలాసెస్ పాకం రొట్టె కోసి, ప్రభుత్వాన్ని తిడతాం. మునుపు వేసవిలో నా పిల్లలు మేలుకునుండగా నేను వాళ్ళని చూసింది తక్కువ. జేబెజ్ నిద్రలోనే కాదు, నడుస్తూ కూడా మాట్లాడతాడని నాకిప్పుడే తెలిసింది.

మొన్న అక్కడికి కొత్త గస్తీ అధికారి వచ్చాడు. దొంగతనంగా కాడ్ పట్టేవాళ్ళని పట్టుకోవడానికి ఎక్కడో గోధుమ పొలాల నడుమ నుంచి తెచ్చిన కుర్రాడు. మొహమంతా నల్ల ఈగలు కుట్టేసి వాచిపోయింది.

"అయ్యా, చేప ఏమైనా పట్టారా?" అన్నాడు.

టీ కప్పు కింద పెట్టేశాను అక్కా. ఈ రోజుల్లో చేప పట్టావని తేలితే పడవ పోతుంది. "చేపా! బాబూ, దేవుడి తోడు, ఏడాదైంది చేప మొహం చూసి. మా ఇంటికొచ్చి వెతుక్కో" అన్నాను.

"మరి డబ్బాలో ఏమిటి?"

"ట్రౌట్."

"ట్రౌట్ చేపే కదండీ?"

"కాదు బాబూ, ట్రౌట్ ట్రౌటే."

ఎస్రా బాబాయి కల్పించుకున్నాడు. "ఈ చెరువులో చేప ఎలా ఉంటుంది నాయనా? మంచినీళ్ళు కదా! చదువుకున్నవాడివి, ఆమాత్రం తెలీదూ?"

చేపంటే మన ఒడ్డున కాడ్ ఒక్కటేనని ఆ కుర్రాడికేం తెలుసు, మేమంతా కలిసి ఆటపట్టిస్తున్నామనుకున్నాడు. మొహం జేవురించింది. అధికారికి అబద్ధం చెప్పానని కాగితం రాసి చేతిలో పెట్టాడు. ఆగస్టులో మేజిస్ట్రేట్ మన చర్చి హాలుకి వచ్చినప్పుడు హాజరుకావాలి.

ఉద్యోగం సంగతి కేసయ్యాక చూస్తాను.

సెల్బీ

అత్తా, ఆయన వెళ్ళేటప్పుడు ఈగల మందు ఇచ్చాను. థాంక్స్ అని ఏడుపుమొహం పెట్టాడు. మంచివాడే. ఎఫీ.


గాల్ట్
జూలై 18

సెల్బీ,

నీ తెలివి తెల్లారినట్టే ఉంది! కేసున్నవాణ్ణి మా ఫోర్‌మన్ గేటు దగ్గరికి కూడా రానివ్వడు. ఇన్ని నెలలు వాడి వెంట కుక్కపిల్లలా తిరిగింది ఇందుకా?

నేను చెప్పినట్టు చెయ్. కోర్టులో చేతులు కట్టుకుని "అయ్యా, ట్రౌట్ చేపే, పొరపాటైంది" అను. ఆ నాలుగు మాటలకి నీ ఆస్తేం కరిగిపోదు. మేజిస్ట్రేట్ మందలించి వదిలేస్తాడు, నీ పేరు శుభ్రంగా ఉంటుంది, నువ్వు బస్సెక్కొచ్చు. ఇక్కడ దుకాణంలో కాడ్‌నీ, ట్రౌట్‌నీ, చివరికి ఏదో పింక్ రంగు పేస్టుని కూడా చేపే అంటారు. నేనూ అంటాను. నాలుకేం ఊడిపోలేదు.

పంతానికి పోకు. పిల్లల మొహం చూడు.

డల్సీ


బేకాపిల్ కోవ్
ఆగస్టు 8

అక్కా,

నువ్వు రాసిన మాట అందామనే వెళ్ళాను. పెళ్ళినాటి కోటు వేసుకున్నాను, గుండీలు పట్టలేదు. హాలు కిక్కిరిసిపోయింది. కోర్టు చూడ్డానికి జనం కేకులు కూడా తెచ్చుకున్నారు. మేజిస్ట్రేట్ నోస్‌వర్దీగారు మన పక్క కోవ్ ఊరి మనిషే అని నన్ను చూడగానే "మీ నాన్న హెర్బర్ట్ కదూ?" అన్నప్పుడు తెలిసింది.

కుర్రాడు జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఒక్క ముక్క కల్పించలేదు పాపం.

"బాబూ," అన్నారు మేజిస్ట్రేట్‌గారు, "చేపల కూరకి భోజనానికి రమ్మని పిలిచి ట్రౌట్ వడ్డిస్తే ఏమంటావు?"

"థాంక్స్ అంటానండీ."

హాలంతా గొల్లుమంది. వెనక వరసలో ఎవరో "పెళ్ళి చేసుకో నాయనా, నిన్ను పోషించడం తేలిక" అన్నారు. ఆయన బల్లమీద కొట్టి ఎస్రా బాబాయిని సాక్షిగా పిలిచారు. "చేప అంటే ఏమిటో ఈ అబ్బాయికి తెలీదు. ఒక్కటి తెచ్చి చూపించగలవా?" అన్నారు.

బాబాయి టోపీ చేతిలో తిప్పుకుంటూ నిలబడ్డాడు. "అదే ఉంటే మేమందరం పట్టపగలు ఈ హాల్లో ఎందుకు కూర్చుంటామండీ?" అన్నాడు.

నవ్వు ఆగిపోయింది. కేకు నముల్తున్నవాళ్ళు కూడా ఆగారు. మేజిస్ట్రేట్‌గారు కళ్ళజోడు తుడుచుకుని, "అడిగినదానికి ముద్దాయి నిజమే చెప్పాడు. కేసు కొట్టేశాను" అన్నారు. నేను నోరు తెరవాల్సిన పనే లేకపోయింది. కుర్రాడు వచ్చి చెయ్యి కలిపాడు. శనివారం చెరువుకి టీకి రమ్మన్నాను.

వచ్చాడు కూడా. అందరం బ్రహ్మాండంగా నవ్వుకుంటున్నాం. అప్పుడు జేబెజ్ గాలానికి పెద్దది పడింది. దాన్ని రెండు చేతులా పట్టుకుని నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. "నాన్నా, చూడు! చేప! నేను చేప పట్టాను!"

ట్రౌట్ చేప కాదని ఊరంతా కోర్టెక్కి గెలిచొచ్చాం మరి. "చేప కాదురా" అనబోయాను. వాడి మొహం వెలిగిపోతోంది. చేప ఎలా ఉంటుందో వాడికి గుర్తులేదక్కా. వాడి తప్పేముంది? వాడికి చూపించడానికి నా దగ్గర ఒక్కటీ లేదు. "భలే చేప నాన్నా" అన్నాను. ఎస్రా బాబాయి అటు తిరిగి కెటిల్ సర్దుకున్నాడు.

ఉద్యోగం సంగతి తొందర్లోనే తేల్చి రాస్తాను.

సెల్బీ


గాల్ట్
ఆగస్టు 17

ఒరేయ్ సెల్బీ,

నీ ఉత్తరం ఫ్యాక్టరీ భోజనాల గదిలో చదివి వినిపించాను. మన న్యూఫౌండ్‌లాండ్‌వాళ్ళం ఎనిమిదిమంది ఉంటాం ఒక బల్ల దగ్గర. కోర్టు దాకా బల్ల గుద్ది నవ్వారు. జేబెజ్ దగ్గరికొచ్చేసరికి కాగితం పక్కకి తోసేశాను. మిగతాది ట్విల్లింగేట్ ఊరాయన అందుకుని చదివాడు, ఆయనా పూర్తిచెయ్యలేకపోయాడు.

నిజమే, వాడికి చేప తెలీదు. అందుకే రమ్మంటున్నాను. లేనిదానికోసం అక్కడ కూర్చుని ఏం చేస్తావురా?

నీకు చెప్పలేదుగానీ పైగది సిద్ధం చేశాను. మే నెలలోనే. పిల్లలకి అంతస్తుల మంచం కొన్నాను. ఎఫీ పైన, జేబెజ్ కింద. పరుపులు మాత్రం మా ఫ్యాక్టరీవి కొనలేదు, వాటి సంగతి నాకు తెలుసు.

ఫోర్‌మన్ నిన్న మళ్ళీ అడిగాడు. నెలాఖరు అంటే నెలాఖరే.

డల్సీ


బేకాపిల్ కోవ్
ఆగస్టు 29

అక్కా,

మేం రావడం లేదు. ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే చివరిదాకా నువ్వు మంచానికి దుప్పట్లు మారుస్తూనే ఉంటావు. నామీద కోపం రావాలి, రానీ. కానీ ఎందుకో విను.

పోయిన ఆదివారం పడవ తిరగేసి నీళ్ళలోకి దింపాను. పిల్లలిద్దర్నీ ఎక్కించుకున్నాను. గాలం లేదు, దారం లేదు, రొట్టెలూ టీ ఫ్లాస్కూ మాత్రమే. నాన్న వేటాడిన చోటికి తెడ్లేసుకుంటూ వెళ్ళాం. అక్కడికి చేరాలంటే పడవలోంచి చూస్తే ఒడ్డున ఏది దేని వెనక్కి రావాలో, ఏది దేని పక్కకి రావాలో చూసుకోవాలి కదా. ఆ గుర్తులు తాత నాన్నకి చెప్పాడు, నాన్న నాకు చెప్పాడు. జేబెజ్‌కి చెబుదామనే బయల్దేరాను. వాడు సగం దారిలో రొట్టె తిని నిద్రపోయాడు.

ఎఫీ మాత్రం తెడ్డు అందుకుని, ఒడ్డు వైపే చూస్తూ "నాన్నా, ఎక్కడ ఆపాలో నీకెలా తెలుస్తుంది?" అంది.

గుర్తులు మగపిల్లలకే చెప్పాలని ఆనవాయితీ. ఆడపిల్ల పెళ్ళి చేసుకుని ఇంకో కోవ్‌కి పోతుంది, గుర్తులు మొగుడికి చెప్పేస్తుంది. అందుకే నాన్న ఆడపిల్లల్ని పడవెక్కిస్తే తల ఎత్తకుండా ఏదో పని చెప్పేవాడు. నీకు డబ్బాతో నీళ్ళు తోడే పని, గుర్తుందిగా. నాకు గుర్తులు చెప్పిన రోజే ఆ కిటుకూ చెప్పాడు.

నేను ఎఫీకి చెప్పేశాను. మొత్తం. అప్పజెప్పించుకున్నాను కూడా. ఒక్కటి తప్పలేదు. చెప్తుంటే నాకు ఏడుపొచ్చింది, ఉప్పుగాలి అన్నాను. చేప తిరిగొస్తుందో రాదో నాకు తెలీదు. వస్తే ఎక్కడికొస్తుందో తెలిసినవాళ్ళు ఒకరుండాలి కదా. ఈ గుర్తులు ఈ ఒడ్డు కనపడేచోట తప్ప ఎక్కడా పనికిరావు. గాల్ట్‌కి తెచ్చుకుని పరుపుకింద పెట్టుకోనా?

తిరిగొచ్చేసరికి గస్తీ కుర్రాడు రేవులో నిలబడున్నాడు, దుర్భిణీతో. పడవంతా చూశాడు. నిద్రపోతున్న జేబెజ్ తప్ప ఏమీ దొరకలేదు.

"ఇంతసేపు అక్కడేం చేశారండీ?"

"ఒడ్డు చూశాం" అన్నాను. అతను రాసుకోబోయి మానేశాడు.

బ్లాంచ్ పరీక్ష పాసైంది. ఎక్స్ దొరికిందట. వచ్చే నెల నుంచి వృద్ధాశ్రమం ఆఫీసులో పని. వంట నాది. నిన్న నేను కాల్చిన రొట్టె లంగరుకి పనికొస్తుందని ఎస్రా బాబాయి పట్టుకుపోయాడు. ఎలాగో బతుకుతాం.

తిట్టాలనుంటే ఫోన్ చెయ్. ఊపిరి తీసుకుంటూ వింటాను.

సెల్బీ


గాల్ట్
సెప్టెంబరు 12

సెల్బీ,

ఫోన్ చెయ్యను. నీకంత సుఖం ఎందుకు?

నీ ఉత్తరం చదివి మూడు రోజులు లాయిడ్‌తో కూడా మాట్లాడలేదు. ఆ చోటు ఇంకెవరికో ఇచ్చేశారు. ఆ పిల్లవాడు స్ప్రింగులు తలకిందులుగా బిగిస్తున్నాడు. చూసి సంతోషించాను.

నేను ఏడ్చింది ఉద్యోగానికి కాదురా. నాకు నలభయ్యారేళ్ళు. నాన్న పడవలో నేను ఎందుకు నీళ్ళు తోడానో ఇప్పుడు తెలిసింది నాకు! పడవ ఎప్పుడూ పొడిగానే ఉండేది. డబ్బా అడుక్కి గీసుకుని చప్పుడయ్యేది. అయినా తోడేదాన్ని. నాన్న "శభాష్ డల్సీ, నువ్వు లేకపోతే మునిగిపోయేవాళ్ళం" అనేవాడు. ఇంటికొచ్చి అమ్మతో, ఇవాళ మళ్ళీ పడవని నేనే కాపాడానని చెప్పుకునేదాన్ని. ఇప్పటిదాకా నమ్మాను. చచ్చినోడా, నీకు తెలిసీ ఒక్కసారి చెప్పలేదు!

నాన్న భయమేమిటో చూడు. నేను పోయి పోయి సముద్రమే లేని ఊరికి వచ్చిపడ్డాను. ఎవరికి చెప్పేదాన్ని? లాయిడ్‌కా? ఆయనకి పార్కింగులో కారే దొరకదు.

ఆ పార్కు చెరువు చర్చి దారిలో లేదు. రెండు బస్సులు మారి వెళ్తాను. మీరొస్తారని పిల్లల్ని ఎక్కడ కూర్చోబెట్టాలో బెంచీ కూడా చూసుకున్నాను. ఇక్కడ నాకు పుట్టింటివాళ్ళు ఎవరూ లేరురా. అంతే, రాసేశాను.

ఒక్కటి అడుగుతాను, కాదనకు. ఆ గుర్తులు నాకూ రాసి పంపు. అన్నీ వద్దు. ఒక్కటి చాలు.

డల్సీ


బేకాపిల్ కోవ్
సెప్టెంబరు 26

డల్సీ అక్కా,

నీ ఉత్తరం ఎవరికీ చూపించలేదు. పడవల కొట్టంలోకి తీసుకెళ్ళి చదివాను. ఎఫీకి చిక్కకుండా ఈ కవరు కూడా నేనే పోస్టులో వేస్తున్నాను.

నాన్న నాకు రెండే రెండు మాటలు చెప్పాడు. ఆడపిల్లకి చెప్పకు. కాగితం మీద పెట్టకు. మొదటిది ఎలాగూ తప్పాను, నీ విషయంలో కూడా తప్పుతాను, సంతోషంగా తప్పుతాను. రెండోది కూడా తప్పితే రేపు పైన ఆయనకి ఏ మొహం చూపించను? అందుకని రాయను.

నువ్వే రావాలి. జూన్‌లో మంచు పోగానే రా. లాయిడ్ బావని పిల్లలతో చెరువు దగ్గర కూర్చోబెట్టి మనిద్దరం వెళ్దాం. తెడ్లు నేనేస్తాను. నువ్వు తలెత్తి కూర్చో.

నీ తమ్ముడు
సెల్బీ